గుప్పెడు ఎముకల పొడి

"దీని మొదట్లో ఏం పోశావమ్మా?" అని అరిచినంత పని చేసింది కూతురు.

మొగుడింటి నుంచి వచ్చేస్తూ ఆ పిల్ల చంకనెత్తుకొచ్చింది ఈ మొక్క ఒక్కదాన్నే. ఆస్ట్రేలియా జాతట, పేరు గ్రెవిలియా అట. మిగతా చెట్లన్నీ చలికి ముడుచుకుని కూర్చున్నప్పుడు ఇది ఎర్రగా పూస్తుందట. తెచ్చి పెరట్లో నాటింది. తీరా మొగ్గ తొడిగే వేళకి ఆకులు కొసల నుంచి మాడిపోతున్నాయి.

"ఎముకల పొడేనే. వారం వారం గుప్పెడు," అని నసిగింది తల్లి. "నీలాగే చిక్కి సగమైందని..."

"నా సంగతెందుకిప్పుడు! ఇది సారం లేని మట్టిలో బతికే జాతి. ఆ బలమే దీనికి విషం. ఒక్క మాట నన్నడగొచ్చుగా?"

"నీ మంచికే కదే చేశాను."

"అడక్కుండా చేసే మంచి ఎవరికమ్మా?"

తల్లి గేటు వైపు చూసింది. కూతురికి తెలియకుండా ఆవిడ చేసిన మంచి ఇంకొకటుంది.

అంతలోనే గేటు చప్పుడైంది. అల్లుణ్ణి చూడగానే కూతురి మొహంలో నెత్తురు చుక్క లేదు.

తల్లి మట్టి చేతులతోనే వెళ్ళి అడ్డంగా నిలబడింది.

"తీసుకెళ్ళమని మీరే కదండీ ఫోన్ చేశారు, అత్తయ్యగారూ?"

"చేశాను బాబూ. దాన్ని అడక్కుండా చేశాను. ఇప్పుడు వెళ్ళిరా. రమ్మనాలనుకుంటే అదే పిలుస్తుంది."

గడియ పెట్టి వెనక్కి వచ్చింది. కూతురు తలెత్తకుండా మొక్క మొదట్లో మట్టి తవ్విపోస్తోంది.

"దీని వేళ్ళు కడగాలి, నీళ్ళు తే," అంది.

తల్లి బకెట్టు తెచ్చింది కానీ వంచలేదు.

"ఎంత పొయ్యమంటావే?" అని అడిగింది.