తెలియని ఫోను

"మేడమ్, మీ వైఫైలో ఎవరిదో తెలియని ఫోను ఉంది," అన్నాడు నెట్ బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్.

కూతురు ఉలిక్కిపడింది. అమ్మని చూసుకుంటూ ఇంట్లోంచే ఉద్యోగం. కంపెనీ వ్యవహారాలన్నీ ఆ వైఫై మీదే నడుస్తాయి.

"పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదే!"

"చెప్పడమెందుకండీ, బోర్డు కట్టారుగా!"

నిజమే. వైఫై డబ్బా అమ్మ గదిలో కిటికీ గట్టు మీద ఉంది. పాస్‌వర్డ్ రాసిన కాగితం దాని వెనక అంటించి ఉంది. ఆ వెనకవైపు కాస్తా పక్కింటి కిటికీకి ఎదురుగా ఉంది. తాళం వేసి, చెవి గుమ్మానికే తగిలించిన తెలివి!

కాగితం చింపారు. పాస్‌వర్డ్ మార్చారు. ఆ ఫోన్ని బయటికి గెంటారు.

మర్నాడు పక్కింటి కిటికీలోంచి బట్టలు కుట్టే ఆవిడ పిలిచింది.

"ఏమండీ, నెట్ మార్చారా? ఈ వారంలో ఇల్లు ఖాళీ చేస్తున్నా. అందాకా మధ్యాహ్నం పూట కాస్త..."

"ఓహో, ఆ ఫోను మీదేనా? అడక్కుండా వాడుకోడానికి సిగ్గనిపించలేదూ?"

ఆవిడ మొహం చిన్నబోయింది. "అడగాల్సిందే, తప్పే. కానీ నా కోసం కాదండీ..."

ఆ మాట పూర్తి కాకుండానే కూతురు కిటికీ మూసేసింది. పీడా పోయిందనుకుంది.

ఆ రోజు నుంచే అమ్మ అన్నం ముట్టడం మానేసింది.

అమ్మకి మతిమరుపు. మంచం పక్కన స్పీకర్లో పాత పాటలు వస్తేనే ముద్ద దిగుతుంది. మధ్యాహ్నం కూతురికి మీటింగులు. కంచం పెట్టి వెళ్లేది, వచ్చేసరికి ఖాళీగా ఉండేది. పాటలు టైముకి వచ్చేలా వేరే ఊళ్లో ఉన్న అన్నయ్యే ఏదో ఏర్పాటు చేశాడనుకునేది.

ఇప్పుడు స్పీకరు మూగబోయింది. తన ఫోన్లో ఏవో పాటలు పెట్టి చూసినా అమ్మ నోరు తెరవలేదు. పెట్టిన కంచం పెట్టినట్టే ఉంటోంది. అమ్మ రోజురోజుకీ నీరసించిపోతోంది.

అన్నయ్యకి ఫోన్ చేసింది.

"నువ్వు పెట్టిన పాటలు రావట్లేదు అన్నయ్యా."

"నేను పెట్టడమేంటి బుజ్జీ? నువ్వే పెడుతున్నావనుకున్నానే!"

కంగారుగా స్పీకరు వివరాలు తీసి చూసింది. రోజూ పాటలు పంపింది ఒకే ఫోను. తను గెంటించిన ఫోను.

పరుగున వెళ్లి కిటికీ తెరిచింది. ఎదురుగా ఖాళీ గది. కుట్టుమిషను కూడా లేదు. ఆమెకి ఏడుపు ఆగలేదు.

వెనక మంచం మీంచి అమ్మ మెల్లగా అడిగింది.

"పాట పెట్టి, తన కంచం కూడా తెచ్చుకుని, 'మీరో ముద్ద, నేనో ముద్ద' అంటూ ఆ కిటికీలో కూర్చుని నాతోపాటే తినేదే, ఆ పిల్ల ఇవాళా రాలేదా అమ్మా?"