లక్షా తొంభై వేల కిలోమీటర్లు

అద్దం మీద అంటించిన ‘అమ్మబడును’ కాగితం ఎండకి వెలిసిపోయింది. అయినా ఆ కారు కోసం ఎవరూ రాలేదు. పదమూడేళ్ల డీజిల్ బండి మరి. ఏడాది కిందట భర్త పోయాక లక్ష్మణమ్మ దాన్ని తన పేరుకి మార్పించుకుంది. ఆమెకు నడపడం రాదు. షెడ్డులో తుప్పు పట్టడం కన్నా ఎవరికైనా పనికొస్తే మేలనుకుంది.

చివరికి ఒక ఆదివారం ఇద్దరొచ్చారు.

కొనే మనిషి యుగంధర్. ఇరవై ఆరేళ్లుంటాయి. ఉండేది బొబ్బిలి, ఉద్యోగం విజయనగరంలో. రోజూ లక్ష్మణమ్మ ఉండే గజపతినగరం మీదుగానే రాకపోకలు. వెంట పోతురాజు అనే మెకానిక్కుని తెచ్చుకున్నాడు.

“రోజూ నూటపది కిలోమీటర్లు నడపాలి పోతురాజన్నా. తట్టుకుంటుందా, చూడు” అన్నాడు.

పోతురాజు బానెట్ ఎత్తాడు. ఇంజన్ స్టార్ట్ చేసి చెవి పెట్టి విన్నాడు. పొగ చూశాడు. తర్వాత డ్రైవర్ సీట్లో కూర్చుని మీటరు వైపు వంగాడు. దిగేటప్పటికి అతని ముఖం మారిపోయింది.

“అమ్మా, ఫోన్లో ఏటి సెప్పినారు? నలబై వేలే తిరిగిందన్నారు కదా?”

“అంతే బాబూ, లెక్కేసే సెప్పినాను. రోజూ మా ఎరువుల కొట్టుకి, వారానికోపాలి ఇజీనగరం. మా ఆయన ఇంకెక్కడికెళ్లేవోరు?”

“మీటరు లక్షా తొంబై వేలు సూపిస్తన్నాది. క్లచ్ కూడా మార్చినారు. కొట్టుకెళ్లొచ్చిన బండి కాదిది. కొనీవోడు కుర్రోడు, ఏటీ తెలీదనుకున్నారేటి?”

లక్ష్మణమ్మ ముఖం కందిపోయింది. యాభై నాలుగేళ్లలో ఆమెను మోసగత్తె అన్నవాళ్లు లేరు. ఎప్పుడూ వెనక సీట్లో కూర్చునే ఆమె ఆ మీటరు ఏనాడూ చూడలేదు.

“నా మీదొట్టు బాబూ, నాకు తెలీదు.”

“మరి ఎవుడు నడిపీవోడు?”

కూర్మయ్య. పన్నెండేళ్లు ఆ కారు నడిపింది అతనే. ఈ ఇంట్లోనే తిన్నాడు. అతని కూతురు గౌరి పెళ్లికి లక్ష్మణమ్మ తన పట్టుచీర తీసిచ్చింది. ఇప్పుడు బస్టాండు దగ్గర ఆటో వేసుకుంటున్నాడు. ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వచ్చాడు.

లోపలికి రాబోయినవాడు కారు పక్కన నిలబడ్డ మనుషుల్ని చూసి గేటు దగ్గరే ఆగిపోయాడు.

“ఒరే కూర్మయ్యా, ఇలాగ రా. ఈ కారు లచ్చా తొంబై వేలు తిరిగిందంట. యెక్కడికి తిప్పీసినావురా? అయ్యగారికి తెలీకుండా కిరాయిలకేసినావా?”

కూర్మయ్య కారు వైపు చూశాడు. యుగంధర్ వైపు చూశాడు. తల దించుకున్నాడు. కాదని ఒక్క మాటంటే నమ్మడానికి లక్ష్మణమ్మ సిద్ధంగా ఉంది.

“మాట్లాడవేటిరా?”

“అవునమ్మా” అన్నాడు. “నానే తిప్పీసినాను. కిరాయిలకి. అయ్యగారికేటీ తెలీదు.”

ఆమె అరుగు మీద కూలబడింది.

“పిల్లా పీచూ లేని ఇల్లని, నిన్ను సొంత తమ్ముడినాగ సూసుకున్నాను కదరా. నీ అన్నం పక్కకి తీసి పెట్టకుండా నాను ముద్ద ముట్టీదాన్నా? పోయీ ముందు కూడా ఆయన నీ మాటే అన్నారు. ‘కూర్మయ్య మన మనిషే, ఏ అవసరమొచ్చినా ఆడిని పిలు’ అన్నారు. అలాటి మనిషినా నువ్వు మోసం సేసినావు?”

కూర్మయ్య కళ్లు తుడుచుకున్నాడు.

“ఇంక ఈ గుమ్మం తొక్కకు. నీ మొకం నాకు సూపించకు.”

రెండు చేతులూ జోడించి, వచ్చినవాడు వచ్చినట్టే వెళ్లిపోయాడు. ఆటో చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా లక్ష్మణమ్మ వెక్కుతూనే ఉంది.

పోతురాజు గొంతు తగ్గించాడు. “యుగంధరూ, మనకీ బండొద్దు. పాపం ఆవిడకేటీ తెలీదు గానీ, ఇంజను పని దగ్గరకొచ్చేసినాది. రోజూ నూటపదంటే ఏడాదిలో పడకేస్తాది. రెండేళ్లు పోతే మళ్లీ రిజిస్ట్రేషనొకటి.”

యుగంధర్ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు డోరు తీసి, డ్రైవర్ పక్క సీట్లో కాసేపు ఊరికే కూర్చున్నాడు. దిగి ఆమె దగ్గరకు వచ్చాడు.

“తీసుకుంటానండీ. మీరు చెప్పిన రేటుకే.”

పోతురాజు నెత్తి కొట్టుకున్నాడు.

“వద్దు బాబూ. తెలీకైనా నీకు అబద్ధం సెప్పీసినాను. తగ్గించి ఇయ్యి.”

“తగ్గించొద్దండీ. మీ తప్పేం లేదు.”

నా అనుకున్నవాడు ముంచిన రోజున, ముక్కూ ముఖం తెలియని కుర్రాడు ఇంత మర్యాదగా మాట్లాడేసరికి లక్ష్మణమ్మకు మళ్లీ కన్నీళ్లొచ్చాయి. లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. టీ పెట్టింది.

బదిలీ కాగితాలు యుగంధరే తెచ్చుకున్నాడు. అమ్మేవారి చోట ఆమె సంతకం చేసింది. కొనేవారి వివరాలు అతను నింపసాగాడు. ఒకచోట పెన్ను ఆగింది. తల ఎత్తి ఆమెను చూశాడు. మళ్లీ వంగి గబగబా రాసేశాడు. కాగితం ఆమె వైపు తిప్పాడు.

“ఒకసారి చూసుకోండి” అన్నాడు.

లక్ష్మణమ్మ కళ్లజోడు పెట్టుకుని, గడి గడికీ వేలు ఆనించి చదవడం మొదలుపెట్టింది. కొనేవారి పేరు, యుగంధర్. ఊరు, బొబ్బిలి.

తండ్రి పేరు అన్న గడిలో, ఇంటిపేరుతో సహా, ఆమె భర్త పేరు రాసి ఉంది.