తల్లికుక్క బేరం

“ఆ స్టూలు ఎక్కడినుంచి లాగావో అక్కడే పెట్టు తమ్ముడూ,” అంది వేటకుక్కలు పెంచి అమ్మే కుక్కల అక్క.

నీడలోకి జరుపుకున్న స్టూలును షాపాయన మళ్ళీ గోడ వారకు చేర్చాడు. సరుకు మంచిదైతే అమ్మేవాళ్ళ చాదస్తం భరించాల్సిందే. వేట సామాను అమ్ముతూ, కొన్నవాళ్ళను పిట్టల వేటకు తీసుకెళ్ళడం అతని వ్యాపారం. ఉన్న కుక్క చచ్చిపోయింది. వచ్చేవారమే సీజను మొదలు. కుక్క లేకపోతే గిరాకీ అంతా ఎదుటి షాపుకే.

“కుక్కపిల్లను తీసుకెళ్ళు. ఏడాదిలో తయారవుతుంది.”

“ఏడాదిదాకా నా గిరాకీ ఆగుతుందా అక్కా? నాకు తల్లే కావాలి.”

“దాన్ని ఇవ్వనని చెప్పానుగా.”

ఇవ్వననడం బేరంలో మొదటి మెట్టేనని అతని లెక్క. తల్లికుక్క పక్కన గొంతుక్కూర్చుని పళ్ళు చూశాడు, పాదాలు నొక్కాడు. పైన ఇనపతీగలా గరుకు బొచ్చు. వేళ్ళు దూరిస్తే అడుగున దూదిలాంటి మరో పొర. ముల్లూ దిగదు, తడీ ఎక్కదు. మూతికి గడ్డం, కళ్ళమీదికి వేలాడే గుబురు కనుబొమలు. అచ్చం రిటైరైన హెడ్మాస్టరే!

కాస్త దూరం జరిగి, చెయ్యి ఊపి రమ్మన్నాడు. కదల్లేదు. పరాయివాడి సైగకు లొంగదన్నమాట. మనసులో ఇంకో మార్కు వేశాడు.

అక్క చెప్పులు టపటపలాడిస్తూ బీడులోకి నడిచింది. కుక్క ఆమె వెంటే. ఎదురుగాలి తగిలేచోట ఆగి, “వెతుకు” అంది. అది ముక్కెత్తి గాలిని పీల్చుకుంటూ వెళ్ళి, ఒక పొద ముందు ముంగాలు ఎత్తి శిలలా నిలబడిపోయింది. అక్క పొదను తట్టగానే కౌజుపిట్ట దాని మూతి ముందునుంచే ఎగిరిపోయింది. కుక్క తరమలేదు.

“అబ్బ! ఏం నిగ్రహం!”

“పిల్లయితే ఈపాటికి ఊరు దాటేసేది,” నవ్వింది అక్క.

బెండు కూరిన గుడ్డపిట్టను చెరువులోకి విసిరింది. చప్పుడైన వైపు చెవులు రిక్కించి కుక్క దూకేసింది. పంటిగాటు పడకుండా పట్టుకుని, అక్క పిలుపు వింటూ ఒడ్డుకు ఈది, ఆమె అరచేతిలో పెట్టింది.

షాపాయన ఇక ఆగలేకపోయాడు.

“మూడు కుక్కల పని ఇదొక్కటే చేస్తోంది అక్కా! ఇన్నేళ్ళుగా సరుకు చూస్తున్నాను, దీనికి వంక పెట్టలేను. రేటు నువ్వే చెప్పు, బేరమాడను.”

ఆ మాట తన నోట రావడం అతనికే వింతగా ఉంది.

“డబ్బు గొడవ కాదు తమ్ముడూ. ఈ వాకిలి, ఈ బీడు దానికి కొట్టినపిండి. కొత్తచోట కష్టపడుతుంది.”

“ఎందుకు కష్టపడుతుంది? అన్నీ చూసుకునేగా అడుగుతున్నాను!”

“అన్నీ చూశావా?”

ఆమె కుక్క తలను ఒళ్ళోకి తీసుకుని, తడిసిన కనుబొమలను రెండు బొటనవేళ్ళతో పైకి దువ్వింది.

రెండు కళ్ళూ చూపులేక పాలలా తెల్లబడి ఉన్నాయి.