కుచ్చుగడ్డి నడుముకు తాడు

అనగనగా ఒక పెరట్లో కుచ్చుగడ్డి దుబ్బు ఉండేది. దాని వెండి కుచ్చులంటే పెరడంతటికీ మురిపెం. చలికాలం చివర, అల్లిక సాధన చేద్దామని గిజిగాడు వచ్చి ఒక ఆకు లాగాడు. అది పుటుక్కున విరిగింది.

"ఎండిపోయావక్కా. నీతో గూడు అల్లలేను" అని ఎగిరిపోయాడు.

ఆ మాట దుబ్బుకు ములుకులా గుచ్చుకుంది.

మర్నాడు ఇంటావిడ రంగమణి కొడవలితో వచ్చి, పోచలు చెదరకుండా దుబ్బు నడుముకు తాడు బిగించింది. పక్కనున్న క్రోటన్ మొక్క హడలిపోయింది.

"ఇంత అందాన్ని నరికించుకుంటావా? నీ ఆకుల అంచుకు పదునుందిగా, ఆ చేతిని కోసెయ్యి."

"కోస్తే ఆవిడ వెళ్లిపోతుంది. నాకు ఈ ఎండుగడ్డే మిగులుతుంది" అని దుబ్బు కదలకుండా నిలబడింది.

రంగమణి కోత ముగించేసరికి జానెడు మొదలు మిగిలింది. వేసవంతా క్రోటన్ ఎగతాళి చేసింది. దుబ్బు మాత్రం పోసిన నీళ్లన్నీ తాగి, వేళ్లలో బలం దాచుకుంది.

తొలకరికి పచ్చగా పొడుచుకొచ్చింది. గిజిగాడు మళ్లీ వచ్చి, బెరుగ్గా ఒక ఆకు చీల్చాడు. అది నారలా సాగింది, విరగలేదు.

"నొప్పేసిందా అక్కా?"

"కొడవలికే నిలబడ్డదాన్ని, నీ ముక్కు నాకొక లెక్కా? ఇంకోటి లాక్కో."