ఎండిన తొట్టి

వాకాడు దాటి సముద్రం వైపు పోతే రోడ్డు పక్కన ఓ చిన్న చర్చి ఉంది.

అందులో బాప్తిస్మం ఇవ్వడానికి కట్టించిన సిమెంటు తొట్టి ఉంది. దాంట్లో నీళ్లు నింపి ఏళ్లయింది. ఇప్పుడు విరిగిన కుర్చీలు వేస్తున్నారు.

"ఒక్క ఆత్మనివ్వు ప్రభువా" అని పాస్టర్ సమాధానం గారు రోజూ మోకాళ్ల మీద ఏడ్చేవారు.

ఫోన్లో పెట్టే ప్రతి ప్రసంగం చివరా ఆయనది ఒకటే మాట. "ఒక్కరైనా తెల్లబట్టలు తీసుకుని రండి. తొట్టి నేనే నింపుతా."

ఆ ఆదివారం ప్రసంగం కఠిన హృదయం గురించి.

మధ్యలో ఒకామె వచ్చింది. నుదుట రూపాయి కాసంత బొట్టు, చేతిలో గుడ్డసంచి. చెప్పులు బయట విడిచి, తలమీద చెంగు కప్పుకుని చివరి చాప మీద కూర్చుంది.

పాస్టరమ్మ పుష్పకుమారి ఆమె దగ్గరికి జరిగింది.

"అయ్యగారితో ఒక మాట చెప్పాల తల్లీ" అందామె.

"ఆరాధన అయినాక చెప్దువు. ముందు ఆ బొట్టు తీసేసి రా."

ఆమె చెయ్యి నుదుటి దాకా పోయి ఆగింది.

"ఇంటాయన వేటకు పోయుండాడు. మాపటికొస్తాడు. ఆయన ఒడ్డెక్కక ముందే బొట్టెట్ట తీసేది?"

"దేవుడికన్నా బొట్టు ఎక్కువా?"

ఆ మాట అందరికీ వినబడింది. ప్రసంగానికి ఉదాహరణ ఎదురుగా దొరికితే ఏ బోధకుడు వదులుతాడు?

"చూసినారా?" అన్నారు సమాధానం గారు. "గుమ్మం దాకా వచ్చినా బొట్టు వదలదు. రాతి గుండె అంటే ఇదే."

"ఆమేన్" అన్నారు అందరూ.

ఆమె తల దించుకుని లేచింది. గుమ్మం దగ్గర ఓ దండం పెట్టి వెళ్లిపోయింది.

"ఇయ్యాల వాక్యం బాగా గుచ్చుకునిందయ్యా" అని పెద్దలు మెచ్చుకుని వెళ్లారు.

చాపలు చుడుతుంటే సంచి కనబడింది. పుష్పకుమారి విప్పి చూసింది.

కొత్త తెల్లచీర. మూలల్లో పసుపు. దాని కింద కొత్త తెల్లపంచె. దాని మూలల్లోనూ పసుపు.

సమాధానం గారు రోడ్డు మీదకి పరుగెత్తారు. రోడ్డు మీద ఎవరూ లేరు.

"ఆమె పేరేంది? ఏ ఊరు?"

"అడగలేదండీ" అంది పుష్పకుమారి. "బొట్టే చూసినా."

ఆయన తొట్టి గట్టు మీద కూలబడ్డారు. సిగ్గుతో భార్య మొహం చూడలేకపోయారు.

"ఒక్కరినిమ్మని ఏడిస్తే ఇద్దరిని పంపినాడు పుష్పా, నేనే తరిమేసినా."