‘గారు’ అనేదాకా

“చెప్పులు అక్కడ కాదు. గేటు బయట విడవండి.”

వరండా మెట్టు మీద ఒక కాలు పెట్టిన షంషీర్ అలాగే ఆగిపోయాడు. మెట్టు పక్కనే చెప్పుల స్టాండు ఉంది. అందులో ఇంటివాళ్ల బూట్లు, చెప్పులు వరసగా సర్ది ఉన్నాయి.

“గీడ్నే ఓ మూలకు పెడ్తలే అక్కా.”

“పనికి వచ్చినవాళ్ల చెప్పులు గేటు బయటే. ఈ ఇంటి పద్ధతి అది. ఇంకోటి, నేను మీకు అక్కను కాను. మేడం అనండి.”

వాషింగ్ మెషిన్లు బాగుచేసే షంషీర్‌కి సైనిక్‌పురిలో ఇలాంటి ఇళ్లు కొత్త కాదు. అయినా ఒళ్లు మండింది. పళ్లు నూరుకుంటూ వెనక్కి నడిచాడు. గేటు బయట గోడ వారగా అప్పటికే ఒక జత నీలం హవాయి చెప్పులు ఉన్నాయి. ఒకదాని పట్టీ తెగితే పిన్నీసు గుచ్చి నడిపిస్తున్నట్టున్నారు. ఎవరో పనామెవి. ‘ఈమెతోని రోజూ ఎట్ల ఏగుతున్నదో పాపం’ అనుకుని తన చెప్పులు వాటి పక్కన విడిచాడు.

వంటింటి వెనక వరండాలో మెషిన్ విప్పుతుంటే మేడం గుమ్మంలోనే నిలబడింది. గంజి పెట్టిన కాటన్ చీర, నున్నగా దువ్విన జుట్టు. పక్కనే కుర్చీ ఉన్నా కూర్చోలేదు. దొంగను కాపలా కాస్తున్నట్టు అతని చేతుల మీదే చూపు.

“నీళ్లు లోపల్నే ఆగినయి. పైపు జామైంది. జెర నువ్వు ఓ బకెట్ ఇయ్యి.”

“నువ్వా?”

షంషీర్ తలెత్తాడు.

“ఎవరిని నువ్వంటున్నారు? పెద్దిళ్లలో ఎలా మాట్లాడాలో మీ కంపెనీవాళ్లు చెప్పి పంపలేదా?”

“మా మౌలాలిల మా అమ్మను సుత నువ్వే అంట. మర్యాద లేక కాదు మేడం.”

“ఇది మౌలాలి కాదు.”

“సరే. పనామెనన్న పిలువుండ్రి. బయట చెప్పులు చూసిన. ఆమె తెస్తది బకెట్.”

మేడం ముఖం జేవురించింది. “ఆమెతో మీకేం పని? మీ పని మీరు చూసుకోండి.”

బకెట్ తనే తెచ్చి ఠప్పున అతని ముందు పెట్టింది. పనామె గాలి కూడా బయటివాళ్లకు తగలనివ్వదు కాబోలు అనుకున్నాడు షంషీర్. మూత తిప్పగానే నీళ్లు ఒక్కసారిగా ఎగజిమ్మి గుమ్మం దాకా వచ్చాయి.

“జెర పైలం!” అని అరిచింది మేడం. వెంటనే గొంతు సవరించుకుని, “జాగ్రత్తగా చేయండి” అంది.

తన యాసనే తనకు వెక్కిరించి చూపిస్తోందనుకున్నాడు. చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.

అరగంటకు మెషిన్ తిరిగింది. “అయింది మేడం. కోడ్ చెప్పు… చెప్పుండ్రి.”

ఆ నాలుగు అంకెలు చెప్తేనే కంపెనీ లెక్కలో పని అయినట్టు. చెప్పకపోతే ఫిర్యాదు కింద లెక్క. పోయిన నెల నేరేడ్‌మెట్‌లో ఒకాయన్ని తమ్మీ అన్నందుకు ఇప్పటికే ఒక ఫిర్యాదు ఉంది. “ఇంకొక్కటి వచ్చిందా, నీ ఐడీ బంద్, ఇగ పని ఉండది” అని సూపర్‌వైజర్ మధుసూదన్ ముందే చెప్పాడు. ఇంట్లో భార్య షీబాకు నెలలు నిండుతున్నాయి.

మేడం కొంగు ముడి విప్పి మడతపెట్టిన చీటీ తీసింది. చూపించింది, ఇవ్వలేదు.

“ముందు క్షమాపణ చెప్పండి.”

“ఏం తప్పు జేసిన?”

“అక్కా అన్నారు. నువ్వన్నారు. ఫిర్యాదు వెళ్లాలా?”

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా! షంషీర్ కోపాన్ని దిగమింగాడు.

“మాఫ్ జెయ్యుండ్రి మేడం.”

“అలా కాదు. క్షమించండి మేడం గారూ, అనండి.”

“గా మాటలు మాకు నోరు తిరగయి.”

“ఎందుకు తిరగవు? నోరు కట్టేసుకుని నేర్చుకుంటే ఆరు నెలల్లో వస్తాయి!” ఆమె గొంతు అదోలా వణికింది. కోపంతోనే అయి ఉంటుంది.

షంషీర్ తల దించుకున్నాడు. “క్షమించండి మేడం.”

“గారూ.”

“క్షమించండి మేడం గారూ.”

“మళ్లీ.”

మూడోసారి అన్నాక గానీ చీటీ చేతికి రాలేదు. అంతటితోనైనా ఊరుకుందా? అతను నడిచిన చోటల్లా వెనకాలే తడిగుడ్డతో తుడుస్తూ వచ్చింది. అతను పట్టుకున్న తలుపు గొళ్లెం కూడా తుడిచింది. తను తాకితే ఇల్లు మైలపడుతుందా? షంషీర్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి.

గేటు బయటికి వచ్చి చెప్పులు వేసుకున్నాడు. పక్కన పిన్నీసు చెప్పులు అలాగే ఉన్నాయి.

“గింత తక్లీఫ్ నువ్వెట్ల పడుతున్నవే అక్కా?” అన్నాడు వాటిని చూస్తూ, మెల్లగా.

బండి కిక్కు కొడితే స్టార్ట్ కాలేదు. రెండోసారి కొడుతుంటే వెనక గేటు చప్పుడైంది. మేడం. ఇంటికి తాళం వేసి, చేతిలో ప్లాస్టిక్ కవరుతో బయటికి వచ్చింది. బండి ఇక్కడెందుకు పెట్టారంటూ మళ్లీ మొదలుపెడుతుందేమోనని షంషీర్ చూపు నేలకు దించుకున్నాడు.

పిన్నీసు పెట్టిన ఆ చెప్పుల్లో మేడం కాళ్లు పెట్టింది.