జనరల్ గారి ముక్కు

"లోపల మళ్ళీ 'అంతా బాగుంది సార్' అన్నారంటే, ఇంటికి నేను వేరే బస్సులో వెళ్ళిపోతాను," అంది ఆవిడ, ఆసుపత్రి వరండాలో బెంచీ మీద సర్దుకుని కూర్చుంటూ.

పక్కనున్న ఆయన బుద్ధిగా తలూపాడు. ఆ ఊపుడుని ఆవిడ నమ్మలేదు. పోయినసారి కూడా ఇలాగే ఊపాడు.

వీధిలో అందరూ ఆయన్ని జనరల్ గారు అంటారు. బూట్లు తళతళలాడేలా తుడుచుకుని, కూరగాయల బజారుకు కూడా కవాతు చేస్తున్నట్టు నడుస్తాడని పెట్టిన పేరది. సైన్యంలో ఆయన చేసిన పని మాత్రం శిబిరంలో చెత్త తగలబెట్టడం. టైర్లు, ప్లాస్టిక్ డబ్బాలు, పాత బ్యాటరీలు, గడువు దాటిన మందులు, అన్నీ ఒకే గోతిలో పోసి, డీజిలు చల్లి, అంటించి, ఆ నల్లటి పొగలో కర్రతో ఎగదోస్తూ నిలబడేవాడు. ఆ పొగ ఆయన ముక్కుని తినేసింది. ఇప్పుడు ఆయనకు గులాబీ తోటా ఒకటే, మురిక్కాలవా ఒకటే.

వాసన తెలియకపోతే ఏం కొంప మునిగిందనేవాళ్ళు ఉన్నారు. మునగలేదు గానీ, కాలిపోయేదే. ఆవిడ దర్జీ దుకాణంలో పనికి వెళ్ళిన ఒకరోజు, వంటింట్లో గ్యాసు కారుతుంటే ఈయన పక్కగదిలో కాలు మీద కాలేసుకుని పేపరు చదువుకుంటున్నాడు. పక్కింటివాళ్ళు తలుపులు బాదబట్టి సరిపోయింది. మర్నాటి నుంచి ఆవిడ పని మానేసి మొగుడికి కాపలా కూర్చుంది. వైకల్య పింఛను వస్తే ఇల్లు గడుస్తుంది. రాకపోతే ఆయన్ని ఒంటరిగా ఇంట్లో వదిలేసి మళ్ళీ కుట్టుమిషను ముందు కూర్చోవాలి.

వచ్చిన చిక్కల్లా, ఈయన డాక్టరుని చూస్తే చాలు బిగుసుకుపోతాడు. సైన్యంలో ఉండగా ఏటేటా వైద్య పరీక్షలు. లోపం ఉందని నోరు జారినవాణ్ణి పెట్టె సర్దుకోమనేవాళ్ళు. అందుకని జ్వరంతో వణుకుతున్నవాడూ బాగున్నాననేవాడు, కుంటుతున్నవాడూ బాగున్నాననేవాడు. కంటి పరీక్ష ఉందంటే అక్షరాల అట్టను ముందురోజే బట్టీ పట్టేవాళ్ళట. ఆ విద్య ఈయనకు ఒంటబట్టి, ఉద్యోగం వదిలినా వదల్లేదు. పోయినసారి పరీక్షలో కూడా, "ఏ ఇబ్బందీ లేదు సార్" అని సెల్యూట్ కొట్టి మరీ వచ్చాడు. ఇవాళ్టిది ఆఖరి అవకాశం.

లోపలికి పిలిచారు. డాక్టరు నెరిసిన మీసాల పెద్దమనిషి. మాటల్లో తనూ సైన్యంలో వైద్యం చేసి వచ్చినవాడినేనన్నాడు. అంతే, జనరల్ మడమలు టక్కున కలిపి నిటారుగా అయిపోయాడు. ఇక అయినట్టే అనుకుంది ఆవిడ.

డాక్టరు ఆవిడను దూరంగా తలుపు దగ్గర కుర్చీలో కూర్చోమని, మధ్యలో మాట్లాడొద్దన్నాడు. బల్ల మీద గోధుమరంగు సీసాలు నాలుగు పెట్టాడు. ప్రతి సీసానీ ముందుగా తను వాసన చూసి తర్వాత ఈయనకు ఇస్తానని, ఏం వాసనో చెప్పాలని, తెలియకపోతే తెలియదనాలని వివరించాడు.

మొదటి సీసా మూత తీసి పీల్చి, డాక్టరు కళ్ళు అరమోడ్చి హాయిగా నవ్వాడు. జనరల్ ఆ నవ్వు చూశాడు, సీసా అందుకున్నాడు.

"గులాబీ అత్తరు సార్."

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. రెండో సీసాకి డాక్టరు మొహం వికారంగా పెట్టి తల వెనక్కి తీసుకున్నాడు. ఈయన కిరసనాయిలన్నాడు. మూడోదానికి డాక్టరు నిద్ర వదిలినట్టు కళ్ళు విప్పార్చాడు. ఈయన కాఫీపొడి అన్నాడు. నాలుగోదానికి డాక్టరు తుమ్మబోయి ఆపుకుంటే, మిరియాల పొడి అని తేల్చేశాడు. గొంతులో తడబాటన్నది లేదు. ముక్కు పోతేనేం, ఎదుటివాడి మొహం చదవడానికి కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి కదా అని ఆవిడ లోలోపల కుతకుత ఉడికిపోయింది.

"అన్నీ బాగా తెలిశాయా?" అడిగాడు డాక్టరు.

"చాలా బాగా తెలిశాయి సార్."

డాక్టరు తలాడించి రాసుకోసాగాడు. ఆవిడ ఇక ఆగలేకపోయింది.

"ఆయన మాట నమ్మకండి డాక్టరు గారూ. మీ మొహం చూసి చెప్పారు. ఇంటికి నిప్పంటుకున్నా ఈయనకి తెలియదు."

సార్ ముందు ఏమిటిదని జనరల్ పళ్ళ బిగువున గొణిగాడు. తీరా తిరిగి చూస్తే ఆవిడ ఏడుస్తోంది. నిటారుగా ఉన్న భుజాలు మెల్లగా కిందికి దిగాయి. పొగ గోతి దగ్గర కూడా ఆయన అంత కుంగిపోలేదు.

"అది నిజం సార్. నాకు ఏ వాసనా తెలియదు," అన్నాడు, నేల చూస్తూ.

"ఆ సంగతి నాకు మొదటి సీసాకే తెలిసింది," అన్నాడు డాక్టరు. పింఛను మంజూరు చేయవచ్చని రాసిన కాగితం మీద ఠపీమని ముద్ర కొట్టి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ కాగితాన్నీ, డాక్టరునీ మార్చి మార్చి చూసింది. అంత పొరపాటు లేకుండా చెప్పినవాడికి ముక్కు పనిచేయదని మీకెలా తెలిసిందని అడిగింది.

"ఇంతసేపూ వేషాలు వేసి గొంతెండిపోయిందమ్మా," అంటూ డాక్టరు కిరసనాయిలు సీసా ఎత్తి, గటగటా ఆఖరి చుక్క దాకా తాగేసి, మీసాలు తుడుచుకున్నాడు. "నాలుగు సీసాల్లోనూ మంచినీళ్ళే."